ఫైళ్ల తోకలు దిద్దిన నంబరు బాబాయి

మొన్న కొట్లో కొత్త కంప్యూటరు పెట్టాను. పాతదాంట్లో ఫైళ్లు దీంట్లోకి ఎక్కిస్తూ, ఒకదాని పేరు చివర చుక్క తర్వాత ఉండే మూడక్షరాలు మార్చబోయేసరికి తెర మధ్యలో ఒక పెట్టె లేచింది. ఈ అక్షరాలు మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, నిజంగానే మార్చేయమంటావా అని అడుగుతుంది అది. అత్తగారు పాలగిన్నె మూత తీస్తున్న కోడల్ని అడిగినట్టు అడుగుతుంది. నేను వెంటనే అవునని నొక్కలేదు. మౌసు పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పని నాది కాదు మరి. నా కొట్లో దానికి వేరే మనిషి ఉండేవాడు.

పెట్టె లేచిందంటే చాలు, పక్క కుర్చీలోంచి ఆయన, "ఆఁ, తెలుసు తల్లీ, తెలిసే మారస్తన్నాము. నువ్వు కంగారు పడకు" అనేవాడు.

"అది ఇంటాదా బాబాయ్?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"అడిగినోళ్లకి జవాబు సెప్పడం మన మరేద. ఇన్నాదా నేదా అన్నది దాని కరమ" అనేవాడు.

ఆయన పేరు నాకు తెలుసు. పింఛను కాగితాలన్నీ నేనే నింపేవాణ్ణి గనక తెలియకేం. కానీ ఆ పేరు ఇక్కడ రాస్తే ఖరగ్‌పూర్‌లో మా ఖరిదా పేటలో సగంమంది "ఎవరాయన?" అంటారు. మా వీధులన్నిటికీ ఆయన నంబరు బాబాయి. రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లకి పైగా గూడ్సు వేగన్ల మీద అక్షరాలూ అంకెలూ రాశాడు. ఈ వేగను ఏ రకం, దాని నంబరెంత, ఖాళీగా బరువెంత, ఎంత మొయ్యగలదు, మళ్లీ మరమ్మతుకి ఎప్పుడు రావాలి, అన్నీ దాని ఒంటి మీదే రాసి ఉంటాయి కదా, ఆ రాత ఈయనది. ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు, చదవడం రాదు, రాయడం మాత్రం వచ్చు. ప్రపంచంలో ఇంగ్లీషు ఈ వరసలో వచ్చిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు. ఆయన సైకిలు వెనక మడ్‌గార్డు మీద తెల్ల ఎనామిలుతో, వేగన్లకి రాసినట్టే, పదకొండంకెల నంబరు. ఇంట్లో నీళ్ల డ్రమ్ము మీద దాని ఖాళీ బరువు. గొడుగు గుడ్డ మీద మళ్లీ ఎప్పుడు బాగుచేయించాలో ఆ నెల. ఒకరోజు నేను టీకి వెళ్లి వచ్చేసరికి నా కొట్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీల వెనకా "లోడ్: ఒక మనిషి" అని ఎర్రగా రాసేసి ఉంది. మా వీధిలో ఒక లావుపాటి స్వీటు కొట్టాయన ఉన్నాడు, ఆయన ఆ రాత చదివి మూడు నెలలు నా కొట్టుకి రాలేదు.

ఇంకొక అలవాటు. దేన్ని చూసినా వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గేవాడు. టక్ టక్. తలుపుకి కొడతాడు, సరే. పుచ్చకాయకి కొడతాడు, అదీ సరే. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీకి, మంచినీళ్లు తాగే ముందు గ్లాసుకి, ఒకసారి నా బుర్రకి కూడా కొట్టాడు. "ఏటి బాబాయ్, లోపల ఎవరైనా ఉన్నారా?" అంటే, "ఉన్నారు గానీ పడుకున్నారు" అన్నాడు.

దాని వెనక కథ ఆయనే చెప్పాడు. వేగన్లు దేశమంతా తిరిగొస్తాయి. ఎక్కడెక్కడి యార్డుల వాళ్లో సుద్దముక్కతో ఖాళీ అని రాసేస్తారు, ఎవడో పైన ఇంకేదో గీస్తాడు. "ఆ సుద్దరాత నమ్మీసి తలుపు కొక్కెం పీకినావంటే లోపలున్న బస్తా నీ నెత్తిమీద పడతాది. ముందు తట్టాల. ఖాళీ దానికొక గొంతు, నిండుదానికొక గొంతు. రాసినోడు అబద్ధమాడతాడు గానీ ఇనప్పెట్టె ఆడదురా."

నేను చదివింది ఎనిమిది. తొమ్మిదిలోకి వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు, మా లెక్కల మాస్టారికి ఉంది. తర్వాత జెరాక్సు మిషను దగ్గర పనికి కుదిరి, చూసి చూసి కంప్యూటరు పట్టుకున్నాను. ఇప్పుడు ఖరిదాలో నా కొట్టు పెద్ద పేరున్నదే. ఫారాలు నింపడం, ఫొటోలు, ప్రింట్లు, అన్నీ. బాబాయి మొదటిసారి వచ్చింది వేలిముద్ర వెయ్యడానికి. ఆయన బతికే ఉన్నాడని ఏడాదికోసారి యంత్రం ఒప్పుకుంటే గానీ పింఛను నడవదు. టర్పెంటైనుతో కడిగి కడిగి ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ పెట్టించాను. యంత్రం ఒక్కదాన్నీ మనిషిదని ఒప్పుకోలేదు.

"బాబాయ్, ఇది నువ్వు లేవంటంది" అన్నాను.

ఆయన వేలు పంచెకి తుడుచుకుని, ఆ చిన్న యంత్రాన్ని టక్ టక్‌మని రెండు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ వేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. "ఉన్నానట" అన్నాడు నాతో, పెద్ద విశేషం కానట్టు. ఆ రోజునుంచీ పొద్దున్న తొమ్మిదికి సైకిలు తెచ్చి కొట్టు ముందు నిలబెట్టడం, మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లిపోవడం.

ఒక నెల నోరెత్తకుండా చూశాడు. తర్వాత ఒకరోజు నా పని పట్టుకున్నాడు.

అప్పట్లో నాకొక కిటుకు ఉండేది. ఎవరైనా ఫొటో తీసిన సర్టిఫికెట్టు తెచ్చి, ఫారానికి పీడీఎఫ్ కావాలంటే, నేను ఆ ఫైలు పేరు చివర జేపీజీ అన్న మూడక్షరాలు చెరిపి పీడీఎఫ్ అని కొట్టేసేవాణ్ణి. వీటినే నేను తోకలు అంటాను. రెండు సెకన్ల పని. ఫైలు మీది గుర్తు బొమ్మ కూడా మారిపోయేది. "అయిపోయింది దీదీ" అని పంపించేసేవాణ్ణి. ఫారం తిరిగొస్తే సర్వరు బాగాలేదనేవాణ్ణి. సర్వరంత మంచి మనిషి లోకంలో లేడు, ఎన్ని నిందలేసినా తిరిగి మాట్లాడడు.

ఆ రోజు ఒక బెంగాలీ అమ్మాయి మూడోసారి తిరిగొచ్చింది, కళ్లనీళ్లతో. నర్సు ట్రైనింగు ఫారం, మర్నాడే ఆఖరు. నేను సర్వరు పాట మొదలుపెట్టాను. బాబాయి కుర్చీ ముందుకి జరిపాడు.

"ఒరే, ఇందాక ఏటి సేసినావు నువ్వు?"

"తోక మార్చినాను బాబాయ్."

"లోపల సరుకు?"

"సరుకేటి? పేరు మారిస్తే అదే..."

"బొగ్గు వేగను తెచ్చి దాని మీద టేంకరని రాసినాననుకో. కిరసనాయిలు పోస్తావా అందులోకి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాను ముప్పయ్యేళ్లు రాసినానురా. నా సేత్తో రాసినంత మాత్రాన ఒక్క వేగనూ మారిపోనేదు. అది ఏటో సూసి, అది రాసేవాణ్ణి. నువ్వు రాసీసి, అది అవ్వాలంటన్నావు."

ఆ అమ్మాయి సర్టిఫికెట్లని సరైన పద్ధతిలో పీడీఎఫ్ చెయ్యడం ఎలాగో నాకు తెలుసు. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. చేసిచ్చాను. ఈసారి సైటు ఫారం తీసుకుంది. ఆమె వెళ్లాక బాబాయి నా కొట్టు బోర్డు కేసి చూశాడు. అన్ని పనులూ చేయబడును అని ఉంటుంది దాని మీద. "బోర్డుకి టన్నేజీ ఎక్కువ రాసినావురా" అని సైకిలెక్కి పోయాడు.

మర్నాడు వచ్చి ఒకటే పోరు. ఫైళ్ల తోకలు కనిపించేలా పెట్టమని. కంప్యూటరు మామూలుగా వాటిని దాచేస్తుంది, మనం చెబితేనే చూపిస్తుంది. "రాత చెరిపీసి బండి నడిపిస్తారేటి ఎక్కడైనా?" అన్నాడు. పెట్టాను. ఆయన తెరకేసి వంగి, కిందనుంచి పైదాకా ఒక్కో తోకా వేలితో చూపిస్తూ పోయాడు. యార్డులో బండి పక్కన నడుస్తూ వేగన్లు రాసుకుంటున్న మనిషిలాగే ఉన్నాడు.

ఇదంతా సరదా. ఆ మనిషంటే నాకు భయంతో కూడిన భక్తి పుట్టింది మాత్రం నరసమ్మత్త వచ్చిన రోజున.

నరసమ్మత్త అంటే ఖరగ్‌పూర్ తెలుగు పెళ్లిళ్లకి పాట. నలుగు పెట్టాలన్నా, పసుపు దంచాలన్నా, పిల్లని అత్తారింటికి పంపాలన్నా ముందు ఆవిడకి కబురెళ్లేది. మా పెళ్లిలో ఆవిడ నా మీద పాడిన వెక్కిరింపు పాట మా ఆవిడ ఇప్పటికీ అన్నం వడ్డిస్తూ పాడుతుంది. అలాంటి మనిషికి గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు. మాట పోయింది. మెడకి తెల్లగుడ్డ కట్టుకుని, చేతులతోనే సంసారం చేస్తోంది. ఆపరేషనుకి వారం ముందు ఆవిడ కూతురు సుజాత తన చిన్న ఫోనులో తల్లి చేత తెలిసిన పాటలన్నీ పాడించి పట్టింది. ఆ ఫోను తర్వాత నీళ్లలో పడి చచ్చింది. పాటలు పెన్‌డ్రైవులో మిగిలాయి.

ఆ పెన్‌డ్రైవు పట్టుకునే వచ్చారు తల్లీకూతుళ్లు. వచ్చింది పాటల కోసం కాదు. అందులోనే ఇంటి ఫొటోలు కూడా ఉన్నాయి, గోల్‌బజార్లో ఫొటోలు ప్రింటు తీసే కొట్టు మిషను వాటిని తీసుకోవట్లేదుట. చూశాను. ఫొటోల తోక జేపీఈజీ అని నాలుగక్షరాలుంది, ఆ మిషనుకి జేపీజీ అని మూడే కావాలి. రెండూ ఒకటే సరుకు. ఇక్కడ మాత్రం తోక మారిస్తే తప్పు లేదు. బాబాయి కూడా తలూపాడు.

ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే అయిపోయేది. నాకు ఒళ్లు ఊరుకోదే. ముందు వారమే ఒక వీడియోలో చూసి నేర్చుకున్నాను, ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి ఒక్క వరస కొడితే ఎన్ని ఫైళ్లయినా ఒక్క దెబ్బకి మారిపోతాయి. "చూడండి తమాషా" అన్నాను. జేపీఈజీలన్నీ జేపీజీ చెయ్యి అని రాయాల్సింది. తొందరలో చుక్కకి అటొక నక్షత్రం, ఇటొక నక్షత్రం కొట్టాను. దాని అర్థం కనబడ్డవన్నీ అని. ఎంటరు నొక్కాను. నల్ల తెర మీద తెల్లగా ఒక్క వరస ఏదో గొణిగి ఊరుకుంది. "అయిపోయింది" అని గర్వంగా కిటికీ మూయబోయాను.

"అన్నయ్యా, పాటలేవి?" అంది సుజాత.

ఫోల్డరు నిండా జేపీజీలే. ఫొటోలూ జేపీజీలే, కాగితాలూ జేపీజీలే, పాటలూ జేపీజీలే. మూడువందలకి పైన. పేర్లయినా ఉన్నాయా అంటే, ఆ ఫోను పెట్టినవి ఉత్త అంకెలు. నాకు తెలిసిన వెనక్కి తిప్పే మీటలన్నీ నొక్కాను. నల్ల కిటికీలో చేసినదాన్ని ఏ మీటా వెనక్కి తిప్పలేదు. ఒకదాన్ని తెరిస్తే బొమ్మ చూపించలేనంది. ఇంకొకటి, మళ్లీ అదే మాట.

నేను ఆ కొట్లో జోకు వెయ్యని నిమిషం అదొక్కటే. పక్క టీ కొట్టు దాదా గ్లాసులు తెచ్చి నా మొహం చూసి, "కీ హొలో?" అని ఏమైందో అడిగాడు. నరసమ్మత్త కూతురి భుజం తట్టి, ఏమైందని చేత్తో అడిగింది. సుజాత తెర చూపించింది. ఆవిడ నాకేసి చూసింది. తర్వాత మెల్లగా రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చూపించింది, మూసింది. మళ్లీ పది. మళ్లీ పది. మళ్లీ పది. ఇంకా ఒక్క వేలు. నలభై ఒక్క పాటలు నీ చేతికిచ్చానురా అని దాని అర్థం.

బాబాయి లేచి కంప్యూటరు పెట్టెని టక్ టక్‌మని కొట్టి చెవి ఒగ్గాడు.

"సరుకుందిరా లోపల. బరువు తగ్గనేదు. నువ్వు సెరిపింది రాతే."

"ఏది పాటో ఏది కాగితమో ఎలా తెలుస్తాది బాబాయ్?"

ఆయన నల్ల కిటికీకేసి వేలు చూపించాడు. "ఆ ఒక్క లైనేటి? అదేటో గొణిగింది నీతోటి. నువ్వు ఇననేదు."

అప్పుడు చదివాను. ఒక ఫైలుకి ఆ పేరు పెట్టలేకపోయాను, అదే పేరుతో ఇంకొకటి ముందే ఉంది అంటోంది. వెతికాం. ఆ అంకెల మధ్య రెండింటికి మాత్రం సుజాత తనే పేరు పెట్టుకుంది, తల్లి ఫొటో ఒకదానికి అమ్మ అని పెట్టింది, మొదటి పాటకి కూడా అమ్మ అనే పెట్టింది. నా మంత్రం తగిలి మొదట ఫొటో అమ్మ జేపీజీ అయిపోయింది. పాట అమ్మని కూడా అలాగే చెయ్యబోతే, ఇంట్లో ఇద్దరికీ ఒకటే పేరు కుదరదని యంత్రం ఒప్పుకోలేదు. అంచేత ఆ ఒక్క పాటా తన పాత తోకతో, ఏఎంఆర్ అన్న మూడక్షరాలతో, చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

నేను దాన్ని పాడించబోయాను. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పాట తరవాత. ముందు దాని తలుపు తియ్యి. లోపల ఎలాగుంటాదో సూడాల."

ఏ ఫైలునైనా అక్షరాలుగా తెరిచి చూపించే నోట్‌ప్యాడు ఉంటుంది కదా, అందులో తెరవమన్నాడు. తెరిచాను. తెర నిండా పిచ్చిగీతలు, చైనావాడి కలల్లాంటివి. సుజాత కళ్లు మూసుకుంది. నేను కూడా ఇంక లాభం లేదనుకున్నాను. బాబాయి మాత్రం కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, మొట్టమొదటి వరస మొదట్లో వేలు పెట్టాడు. ఆ చెత్తకి ముందు, వేగను మీద రాసినంత స్పష్టంగా, ఒక గళ్ల గుర్తూ, ఒక ఆశ్చర్యార్థకమూ, ఏఎంఆర్ అన్న మూడక్షరాలూ ఉన్నాయి.

"సూసినావా?" అన్నాడు. "బయట మనం రాస్తాం. లోపల అది రాసుకుంటాది. ఎవలో మంచి పనోడు సేసినాడిది. రంగు పోయినా తెలవాలనీసి ఇనుము మీద గుద్ది పెట్టినాడు."

కంప్యూటరు పట్టి పన్నెండేళ్లయిన నాకు ఆ సంగతి తెలియదు. ఇంగ్లీషు చదవడం రాని మనిషి, ఒక్క మంచి వేగనుని చూసి మిగతా వేగన్లన్నిటినీ ఎలా పోల్చుకోవాలో నా కళ్లముందు కనిపెట్టాడు.

ఇక అక్కడినుంచి రెండు రోజులు పట్టింది. బొమ్మగా తెరుచుకున్నవి ఫొటోలు, వాటి జోలికి పోనక్కర్లేదు. తెరుచుకోనివాటిని ఒక్కొక్కటే నోట్‌ప్యాడులో తెరిచేవాణ్ణి. తెరిచే ముందు బాబాయి బల్ల మీద టక్ టక్. తల చూసి చెప్పేవాడు. "పీడీఎఫ్ అనుంది, కాగితం." "గళ్లగుర్తు, ఏఎంఆర్. పాట. మార్చు." నోట్‌ప్యాడులో ఒక్క అక్షరం ముట్టుకోకుండా మూసేయమని ప్రతిసారీ హెచ్చరించేవాడు. నేను తోక మార్చేవాణ్ణి. పెట్టె లేచేది, నిజంగానే మార్చేయమంటావా అని. "ఆఁ, తెలుసు తల్లీ" అనేవాడు బాబాయి. ప్రతిసారీ అదే మాట, అదే ఓపిక. ఇరవయ్యోసారికి నేను, "బాబాయ్, దానికి ఒకేసారి సెప్పీరాదా, ఇంక అడగొద్దని?" అన్నాను.

"అడగనీరా. అది అడిగినప్పుడు నువ్వు ఒకసారి ఆగుంటే ఇంత పని నేదు."

నిజానికి నల్ల కిటికీలో ఆ పెట్టె లేవదు, అక్కడ అడిగేవాడు లేడు. ఆ మాట నేను ఆయనతో అనలేదు. అనే మొహమా నాది?

దిద్దినవాటిలో మొదటి పాట దొరికిన క్షణం మాత్రం చెప్పాలి. తోక మార్చాను. నొక్కాను. రెండు సెకన్లు బుస్సుమని శబ్దం, బాబాయి లేచి ఫ్యాను కట్టేశాడు. స్పీకర్లోంచి సుజాత గొంతు, "ఇప్పుడు పాడమ్మా." తర్వాత ఒక దగ్గు. తర్వాత నరసమ్మత్త.

"పసుపు దంచే రోకలమ్మా, పెళ్లికూతురు నవ్విందా..."

కొట్టు ముందు బ్యాటరీ రిక్షా, టోటో ఒకటి హారను కొడుతూ ఆగింది. టీ దాదా వెళ్లి వాడి హారను మీద చెయ్యి పెట్టి ఆపాడు. నరసమ్మత్త కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒక చెయ్యి మెడగుడ్డ మీదకి వెళ్లింది. పెదాలు కదులుతున్నాయి, ఒక్క మాట వెనకబడకుండా, ఒక్క మాట ముందుకి పోకుండా, స్పీకరుతో సరిగ్గా. పాటలో ఒకచోట ఊపిరి అందక ఆగి, "ఒలే, నీళ్లియ్యి" అన్న మాట కూడా పడింది. అక్కడ ఆవిడ నోటికి చెంగు అడ్డుపెట్టుకుని, శబ్దం లేకుండా పడీ పడీ నవ్వింది. బాబాయి గోడకేసి తిరిగి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అద్దాలకి మరక లేదు, నేను చూశాను.

రెండో రోజు మధ్యాహ్నానికి తెరవనివంటూ ఏమీ మిగల్లేదు. పాటలు నలభై వచ్చాయి. బాబాయి పాటకొకటి చొప్పున చీటీ మీద గీసిన గీతలు మళ్లీ లెక్కపెట్టాడు. నలభై. నరసమ్మత్త ఒక్క వేలు ఎత్తి అలాగే పట్టుకుంది. ఆయన మొహం పాలిపోయింది. అంత పని చేసిన మనిషి అలా కంగారుపడ్డం నేను అప్పుడే చూశాను. "ఎక్కడో ఒకటి వదిలీసినాను. మళ్లీ మొదట్నించీ తియ్యి" అన్నాడు.

మళ్లీ పైకి వెళ్లాను. వెళ్లి ఆగాను. నవ్వొచ్చేసింది.

"బాబాయ్, పెళ్లికొచ్చినోళ్లని లెక్కపెడుతూ పెళ్లికూతుర్ని ఒగ్గీసినావు. అమ్మ ఏది?"

తోక పోని ఆ మొదటి పాట. దేన్ని చూసి మిగతావన్నీ దిద్దామో అది. దిద్దే పని పడలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. బాబాయి నుదురు కొట్టుకున్నాడు, అది కూడా రెండుసార్లు. నరసమ్మత్త వేలు దించి, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే, "అమ్మా, నీ పాటకి రునపడినోళ్లం మేము" అని గబగబా వెనక్కి జరిగి కుర్చీ మీద పడ్డాడు. లోడ్, ఒక మనిషి.

నన్ను ఆయన తిట్టలేదు. మర్నాడు చిన్న ఎనామిలు డబ్బా, మూడు వెంట్రుకల కుంచె తెచ్చాడు. నా కీబోర్డులో నక్షత్రం గుర్తున్న మీట మీద ఆవగింజంత ఎర్రచుక్క పెట్టాడు. "ఇక్కడ ఆగాల" అన్నాడు, అంతే. కొత్త కంప్యూటరుతో కొత్త కీబోర్డు ఇచ్చారు గానీ నేను విప్పలేదు. ఆ పాతదే తగిలించాను. మిగతా మీటల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. చుక్క పోలేదు.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన బాబాయి మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి వీధరుగు మీద చెక్క బెంచీ వేసి పడుకోబెట్టారు. ఆ బెంచీ అంచున ఎర్రగా ఆయన చేతిరాతే, "లోడ్: ఇద్దరు మనుషులు". వర్క్‌షాపు పాతవాళ్లు వచ్చారు, బెంగాలీలు, ఒడియావాళ్లు, మావాళ్లు. ఒకాయన సైకిలు మీద నంబరుని తడుముతూ నిలబడ్డాడు. అందరూ ఏవో మాటలు అంటున్నారు. మంచి మనిషనీ, సుఖంగా పోయాడనీ.

సుజాత చెయ్యి పట్టుకుని నరసమ్మత్త వచ్చింది. మనుషులు దారి ఇచ్చారు. ఎవరు పోయినా పాడి ఏడ్చే ఆనవాయితీ ఉన్న ఆడమనిషి, ఆ పాటకి గొంతు లేదు. తలవైపు వెళ్లి కాసేపు ఆ మొహం చూసింది. కూతురి చెయ్యి వదిలించుకుంది. వంగి, బెంచీ చెక్క మీద, ఆ ఎర్రక్షరాల పక్కన, కణుపులతో రెండు దెబ్బలు కొట్టింది.

టక్ టక్.

కొట్టి, తల వాల్చి చెవి ఒగ్గింది. అరుగు మీద మాటలన్నీ ఆగిపోయాయి. మేమంతా కూడా చెవులొగ్గి నిలబడ్డాం.